కంప్రెసర్ పోయిన ఫ్రిజ్‌లో నారు గింజలు మొలకెత్తించడం

గజపతినగరం దగ్గరి ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో 165 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్ కంప్రెసర్ పోయి మూలన పడి ఉంది. దాన్ని మొలక పెట్టెగా మార్చుకోవచ్చా? డిసెంబరు, జనవరిలో మిరప, వంగ గింజలు రెండు వారాలైనా సరిగ్గా మొలవడం లేదు, మే నెలలో టమాటా సగం కూడా రావడం లేదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, కరెంటు వ్యవహారం కాబట్టి ప్రమాదం లేకుండా ఎలా చేయాలి? చివర్లో వరి మండె (నానబెట్టిన వడ్లను కప్పి మొలకెత్తించడం) కూడా ఇందులో కట్టొచ్చా అని అడిగారు.

చలికాలం పనికి మీ ఫ్రిజ్ పూర్తిగా పనికొస్తుంది తమ్ముడూ. కంప్రెసర్ పోయిందని బాధపడక్కర్లేదు, అప్పుడు మనకు కావాల్సింది చల్లదనం కాదు. మే నెల సంగతి వేరు. దానికీ దారి ఉంది కానీ రోజూ మీ చెయ్యి పడాలి. నేను విత్తన పరీక్ష లాబ్‌లో చాలా కాలం పనిచేశాను. ఇప్పుడు మా చుట్టుపక్కల నర్సరీ వాళ్ళకు ఇలాంటి పెట్టెలు తయారు చేసుకోవడంలో సాయం చేస్తున్నాను. ఈ పనిలో ఎక్కువమంది హీటరు, దాన్ని అదుపు చేసే కంట్రోలరు కొనడంతో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది అక్కడ కాదు. లోపల ఇరవై నాలుగు గంటలూ వేడి ఒకేలా నిలుస్తోందా అన్నదే ఈ పెట్టెకు అసలు పరీక్ష. అది తేలేదాకా ఒక్క గింజ కూడా అందులో పెట్టకండి.

ముందు మీ గింజలు ఎందుకు రావడం లేదో చూద్దాం. మిరపకు, వంగకు 25 నుంచి 30 డిగ్రీల మధ్య వేడి కావాలి. 15 డిగ్రీల దగ్గర మిరప గింజ దాదాపు కదలదు. విజయనగరం, శ్రీకాకుళం మైదానాల్లో పుష్యమాసపు రాత్రుళ్ళు పదహారు, పదిహేడు డిగ్రీలకు దిగుతాయి. ఒడిశా కొండల వైపు ఇంకా తక్కువ. పగలు ఇరవై ఎనిమిది ఉంటుంది కదా అంటారు. నిజమే, కానీ గింజ పగలు కాస్త కదిలి రాత్రి ఆగిపోతుంది. అలా రోజులు గడుస్తుంటే తడి మట్టిలో నారుకుళ్ళు శిలీంధ్రానికి అవకాశం దొరుకుతుంది. గింజ చెడ్డదని షాపువాడిని అంటాం గానీ, చాలాసార్లు అది మట్టిలో నానుతూ నానుతూ కుళ్ళిపోయిన గింజే. హైబ్రిడ్ మిరప పది గ్రాముల పాకెట్ ధర ఎంతో మీకు తెలుసు. అందులో ఒక్క గింజ వృథా అయినా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక ఫ్రిజ్ సంగతి. దాని గోడల్లో ఉండేది వేడిని దాటనివ్వని పఫ్ నురుగు. అదే మనకు అసలు ఆస్తి. నేను వేసే లెక్క మోటుదే, కానీ పనికొస్తుంది. ఈ సైజు ఫ్రిజ్‌లో లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే గోడల గుండా సుమారు ఒకటిన్నర వాట్ల వేడి పోతుంది. రాత్రి బయట 16, లోపల 28 కావాలంటే తేడా 12 డిగ్రీలు. అంటే 18 వాట్లు. తలుపు సందుల్లో పోయేదీ కలుపుకుని 20 అనుకోండి. రోజంతా అంత చలి ఉన్నా రోజుకు అర యూనిట్ కరెంటు చాలు. ఇదే లెక్క మనకు ఇంకో ముఖ్యమైన సంగతి చెబుతుంది. నలభై వాట్ల బల్బు ఆగకుండా వెలిగితే లోపలి వేడి బయటికంటే 26 డిగ్రీలు పెరుగుతుంది. జనవరి రాత్రి అది 42. ఎండ పగలైతే 50 దాటుతుంది, మీ గింజలన్నీ ఉడికిపోతాయి. కాబట్టి పెద్ద హీటరు పెడితే మంచిదన్న ఆలోచన మానుకోండి. కంట్రోలరులోని రిలే, అంటే హీటరుకు కరెంటు కలిపి తెంపే స్విచ్చు, ఎప్పుడో ఒకప్పుడు అతుక్కుపోతుంది. ఆ రోజున కూడా గింజలు చావకుండా ఉండేలా హీటరు ఎంచుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు ఫ్రిజ్ వెనక, కంప్రెసర్ మీద లేబుల్ చూడండి. చల్లబరిచే గ్యాస్ పేరు ఆర్12, ఆర్134ఎ, ఆర్600ఎ, ఈ మూడింట్లో సాధారణంగా ఏదో ఒకటి రాసి ఉంటుంది. పాతికేళ్ళు దాటిన ఫ్రిజ్ అయితే ఆర్12 కావచ్చు. అది మంట అంటుకునేది కాదు గానీ ఓజోన్ పొరను తినే గ్యాస్. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం దాన్ని ఆపడానికే పుట్టింది. కంప్రెసర్ పోయినా గొట్టాల్లో గ్యాస్ మిగిలి ఉండొచ్చు. కాబట్టి గొట్టం కోసి గాల్లోకి వదలకుండా, గ్యాస్‌ను పట్టి నింపుకునే రికవరీ మెషిన్ ఉన్న మెకానిక్ చేత తీయించండి. ఆర్600ఎ అయితే మరీ జాగ్రత్త, అది మండే గ్యాస్. అది తీసేసేదాకా లోపల బల్బు హోల్డరు, రిలే, స్విచ్చు లాంటి నిప్పురవ్వ పుట్టే వస్తువేదీ పెట్టకూడదు. గ్యాస్ తీయించాక కంప్రెసర్‌ను కూడా విప్పించేస్తే బరువు తగ్గుతుంది, వెనక ఖాళీ చోటు కంట్రోలరు డబ్బా బిగించుకోవడానికి పనికొస్తుంది.

పిల్లలున్నారన్నారు కాబట్టి ఇది ఇప్పుడే చేయండి. తలుపుకు తాళం బుర్ర ఉంటే పీకేయండి. కొక్కెంతో పడే మరీ పాత తలుపైతే ఆ కొక్కెం కూడా తీసేసి, అయస్కాంతం రబ్బరు మీదే తలుపు నిలిచేలా చేయండి. పని పూర్తయ్యేదాకా ఫ్రిజ్‌ను తలుపు గోడ వైపుకు తిప్పి ఉంచండి. పాత ఫ్రిజ్‌లో దాక్కుని ఊపిరాడక పిల్లలు పోయిన సంఘటనలు లోకంలో చాలాచోట్ల జరిగాయి. అరలు తీసేసిన ఖాళీ ఫ్రిజ్ పిల్లలకు దాగుడుమూతల గదిలాగే కనబడుతుంది.

తర్వాత శుభ్రం చేయడం. సబ్బు నీళ్ళతో ఒకసారి, పలచటి బ్లీచింగ్ నీళ్ళతో ఒకసారి తుడిచి, తలుపు తెరిచి రెండు రోజులు ఎండలో ఆరబెట్టండి. తలుపు రబ్బరు మడతల్లో నల్లటి బూజు ఉంటుంది. దాన్ని పాత టూత్‌బ్రష్‌తో తీయాల్సిందే, లేకపోతే మొదటి ట్రే మీదకే అది వస్తుంది. రబ్బరు సరిగ్గా పడుతోందో లేదో చూడటానికి తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి. నాలుగు వైపులా బిగువుగా రావాలి. ఎక్కడైనా వదులుగా వస్తే ఆ చోట వేడినీళ్ళ గుడ్డతో రబ్బరును మెత్తబరిచి సాగదీస్తే చాలావరకు సర్దుకుంటుంది.

వైర్లు లోపలికి పంపడానికి గోడలకు డ్రిల్ వేయొద్దు. లోపలి వెనక గోడలో, కొన్ని మోడళ్ళలో పక్క గోడల్లో కూడా గొట్టాలు ఉంటాయి. కంప్రెసర్ పోయింది కదా తగిలితే ఏమిటి అనుకోవచ్చు. గ్యాస్ తీయించకపోతే అది బయటికొస్తుంది, తీయించినా ఆ గొట్టాల్లోని నూనె నురుగులోకి కారుతుంది. కిందున్న నీళ్ళు పోయే రంధ్రమే వైర్లకు సరైన దారి. అది చాలకపోతే తలుపుకు రంధ్రం వేయండి. సింగిల్ డోర్ ఫ్రిజ్ తలుపులో నురుగు తప్ప మరేమీ ఉండదు. వైరు దూర్చాక సిలికాన్‌తో మూసేయండి.

వేడి దేనితో ఇవ్వాలి అన్నదే ఎక్కువమంది అడిగే ప్రశ్న. బల్బు చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ అది గాలిని ఎండబెడుతుంది, దగ్గరి ట్రేను మాడుస్తుంది, మీద తుంపర పడితే పగులుతుంది. నా మాట అడిగితే చేపల తొట్టె హీటరు వాడమంటాను. ఒక ప్లాస్టిక్ టబ్బులో ఎనిమిది, పది లీటర్ల నీళ్ళు పోసి ఫ్రిజ్ అడుగున పెట్టి, ఆ నీళ్ళలో పూర్తిగా మునిగేలా 50 లేదా 100 వాట్ల హీటరు పడుకోబెట్టండి. దీంతో మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. నీళ్ళు వేడెక్కి గాలికి తేమ ఇస్తాయి. అన్ని లీటర్ల నీళ్ళు వేడిని దాచుకుంటాయి కాబట్టి కరెంటు పోయినా పెట్టె వెంటనే చల్లబడదు. మూడోది నాకు బాగా నచ్చేది. ఆ హీటరుకు సొంత థర్మోస్టాట్ ఉంటుంది, సాధారణంగా 32, 34 డిగ్రీలకు మించి నీళ్ళను వేడి చేయదు. బయటి కంట్రోలరు పాడైనా అది ఆపేస్తుంది. నీళ్ళు తగ్గి గాజు బయటపడితే మాత్రం పగులుతుంది, అందుకే రోజూ మట్టం చూసి నింపాలి. నీళ్ళలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు తీసేయాలి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే తీయాలి.

బల్బే వాడతానంటే 25 వాట్లది తీసుకుని, దాని మీద రంధ్రాలున్న రేకు డబ్బా బోర్లించండి. దానికి వరుసలో 45 డిగ్రీలకు తెగే చిన్న కట్-ఆఫ్ వేయించండి. కేఎస్‌డీ301 అంటే ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఇస్తారు, వేలెడంత ఉంటుంది.

కంట్రోలరుకు ఎస్‌టీసీ-1000 అనేది చవకలో నమ్మదగినది. 230 వోల్టుల మీద నేరుగా నడుస్తుంది, హీటరుకు ఒకటి, కూలింగ్‌కు ఒకటి వేరువేరు రిలేలు ఉంటాయి. ఎస్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే సెట్టింగులు వస్తాయి. ఎఫ్1లో కావాల్సిన వేడి, ఎఫ్2లో ఎంత తేడా వస్తే పని మొదలుపెట్టాలో, ఎఫ్3లో కంప్రెసర్ మళ్ళీ స్టార్ట్ అవడానికి ఎన్ని నిమిషాలు ఆగాలో, ఎఫ్4లో సెన్సరు తప్పు చూపిస్తే దిద్దుబాటు. ఎఫ్1 28, ఎఫ్2 0.5 పెట్టుకోండి. మీకు కంప్రెసర్ లేదు కాబట్టి ఎఫ్3 ఎంతున్నా పర్లేదు. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా పనిచేసే కంప్రెసర్ ఉంటే దాన్ని 5 నిమిషాలకు తక్కువ పెట్టొద్దు, లేకపోతే కంప్రెసర్ నిలవదు. ఎఫ్4 దిద్దడానికి సెన్సరును గ్లాసులో కరుగుతున్న ఐసు ముక్కల మధ్య పది నిమిషాలు ఉంచండి. సున్నా చూపించాలి. చూపించకపోతే ఎంత తేడా ఉందో అంత సర్దండి.

సెన్సరు ఎక్కడ పెడుతున్నారో దాన్నిబట్టే పెట్టె మంచీ చెడూ తేలుతుంది. గాల్లో వేలాడదీస్తే తలుపు తెరిచిన ప్రతిసారీ హీటరు గగ్గోలు పెడుతుంది. మధ్య అరలో, ట్రే ఎత్తులో, తడి ఇసుక నింపిన చిన్న గ్లాసులో గుచ్చండి. మనకు కావాల్సింది గాలి వేడి కాదు, గింజ చుట్టూ ఉన్న మట్టి వేడి. ట్రేలలో మట్టికి బదులు నింపే తడి కొబ్బరిపొట్టు, నీరు ఆవిరవుతూ గాలికంటే ఒకటి రెండు డిగ్రీలు చల్లగా ఉంటుంది. ఇసుకలో గుచ్చితే ఆ తేడా లెక్కలోకి వచ్చేస్తుంది.

గాలి కలియబెట్టడానికి పాత కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి చాలు. పన్నెండు వోల్టుల అడాప్టరుతో నడుస్తుంది, కంప్యూటర్ రిపేరు షాపుల్లో అడిగితే తీసి పడేసినవి ఇస్తారు. నీళ్ళ టబ్బు మీదుగా పైకి ఊదేలా పెట్టండి, ట్రేల మీదకు నేరుగా కాదు. ఫ్యాన్ లేకపోతే పై అరకీ కింది అరకీ మూడు నాలుగు డిగ్రీల తేడా వస్తుంది. పైన మొలిచేసి కింద ఇంకా నిద్రపోతుంటాయి.

కరెంటు భద్రతకు డబ్బు ఆదా చేయకండి. ఈ పెట్టెకిచ్చే లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంపే స్విచ్చు) తప్పకుండా వేయించండి. మూడు పిన్నుల ప్లగ్గు, నిజంగా పనిచేసే ఎర్త్ ఉండాలి. మన ఊళ్ళలో చాలా ఇళ్ళలో మూడో పిన్ను ఉంటుంది గానీ దాని వెనక ఎర్త్ వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి టెస్టు చేయించి, ఫ్రిజ్ ఇనుప బాడీకి కూడా ఎర్త్ కలపమనండి. కంట్రోలరు, అడాప్టరు, జాయింట్లు అన్నీ బయటే ఉండాలి, పిల్లలకు అందని ఎత్తులో. లోపల హీటరు, ఫ్యాన్, సెన్సరు మాత్రమే.

ట్రేలు కొనే ముందు టేపు పెట్టి కొలవండి. నర్సరీల్లో వాడే 98 గుంటల ప్రోట్రే పొడవు అర మీటరు దాటుతుంది. 165 లీటర్ల ఫ్రిజ్ లోపలి వెడల్పు నలభై, నలభై అయిదు సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. తలుపు మూతపడక, ట్రేను వంచి తోసి, మొలకలు పాడుచేసుకున్నవాళ్ళను చూశాను. రెండు మూడు వరుసలు కత్తిరించి వాడుకోండి, లేదా మొలక వచ్చేదాకా పుచ్చకాయలమ్మేవాళ్ళు ఇచ్చే చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లాంటి వాటిలో ఒత్తుగా చల్లి, తర్వాత గుంటల్లోకి మార్చండి. మిరపకు ఈ రెండో పద్ధతిలో చోటు బాగా కలిసొస్తుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన పరీక్ష. ట్రేలలో తడి కొబ్బరిపొట్టు నింపి, గింజలు వేయకుండా, పెట్టెను పూర్తిగా ఒక పగలూ రాత్రీ నడపండి. గరిష్ఠం, కనిష్ఠం గుర్తుంచుకునే డిజిటల్ థర్మామీటర్లు రెండు తీసుకుని ఒకటి పై అరలో, ఒకటి కింది అరలో పెట్టండి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూసి రాసుకోండి. రెండు అరల మధ్య రెండు డిగ్రీలకు మించి తేడా ఉన్నా, పగలుకీ రాత్రికీ మూడు డిగ్రీలకు మించి ఊగినా ఫ్యాన్ దిక్కు, సెన్సరు చోటు మార్చి మళ్ళీ నడపండి. తేమ కొలిచే చవక మీటర్లు తొంభై దాటాక నమ్మదగ్గవి కావు. సరిచూసుకోవాలంటే డబ్బాలో కొంచెం ఉప్పు వేసి, ముద్దగా అయ్యేంత మాత్రమే నీళ్ళు కలిపి, మీటరుతో పాటు మూత బిగించి ఒక పూట ఉంచండి. 75 చూపించాలి. అంతకంటే సులువు, తలుపు లోపలి వైపు సన్నటి చెమ్మ పట్టి, బొట్లుగా కారకుండా ఉంటే తేమ సరిపోయినట్టే.

వేడి పంటనుబట్టి మార్చుకోవాలి. మిరప, వంగకు 28. టమాటాకు 25, 26. బెండ, కాకర, బీర, దోసలకు 28, 30 కూడా పర్లేదు. క్యాబేజీ, కాలిఫ్లవర్‌కు 20 నుంచి 25 చాలు. ఉల్లి, కొత్తిమీర చల్లదనం కోరతాయి, వాటిని ఈ పెట్టెలో పెట్టే పనేమీ లేదు, చలికాలంలో బయటే బాగా వస్తాయి. ఒకే పెట్టెలో క్యాబేజీ, మిరప కలిపి పెట్టి రెండూ కుదరాలంటే కుదరదు. పైగా క్యాబేజీ మూడు నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది, మిరపకు వారం పది రోజులు పడుతుంది. దీన్ని తీయడానికి తలుపు తెరుస్తుంటే దానికి ఇబ్బంది.

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి, నారు చెడిపోయేది ఎక్కువగా ఈ దశలోనే. గింజ పగిలి తెల్లటి మెడ వంపు తిరిగి పైకి కనబడగానే ట్రే బయటికి రావాలి. సగం గింజలు అలా కనబడితే చాలు, మిగతా సగం కోసం ఆగొద్దు. చీకట్లో, ఆ వెచ్చదనంలో, ఆ తేమలో ఒక్క రాత్రి ఎక్కువ ఉంటే మొలక దారంలా సాగిపోతుంది. అలా సాగిన టమాటా కాడ తర్వాత ఎంత ఎండ చూపించినా గట్టిపడదు, నాటేటప్పుడు విరుగుతుంది. అందుకే మొదటి గింజ పగిలిన రోజు నుంచి పొద్దున, రాత్రి రెండు పూటలా చూడాలి. బయటికి తీశాక నేరుగా ఎండలో పెట్టకుండా రెండు రోజులు షేడ్‌నెట్ కింద, ఆ తర్వాత పొద్దుటి ఎండకు అలవాటు చేయండి. జనవరిలో అయితే మొదటి మూడు నాలుగు రాత్రులు ట్రేలను ఇంట్లోకి తెచ్చుకోవాలి. వెచ్చటి పెట్టెలోంచి నేరుగా పదహారు డిగ్రీల మంచులోకి పంపితే మొలక అక్కడికక్కడే ఆగిపోతుంది.

బూజు భయం ఉంటుంది కాబట్టి గింజను శుద్ధి చేయకుండా పెట్టొద్దు. మిరపకు కిలోకు 3 గ్రాముల కాప్టాన్ అనే బూజు మందు లెక్కన పట్టిస్తే సరిపోతుంది. రసాయనం వద్దనుకుంటే కుళ్ళు శిలీంధ్రాలను అణచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మాను కొబ్బరిపొట్టులో కలపండి. రెండూ కలిపి మాత్రం వాడొద్దు, కాప్టాన్ ఆ ట్రైకోడెర్మాను చంపేస్తుంది. కంపెనీ పాకెట్లలో గింజ ఎర్రగానో నీలంగానో ఉంటే ముందే మందు పట్టించారని అర్థం, మళ్ళీ పట్టించక్కర్లేదు. రోజుకొకసారి తలుపు తెరిచి అర నిమిషం గాలి మార్చండి. మొలిచే గింజ ఊపిరి పీలుస్తుంది, బిగించిన పెట్టెలో దానికి ప్రాణవాయువు తగ్గుతుంది. పొట్టును పిడికిట పిండితే నీటి బొట్టు రాలకూడదు, చెయ్యి మాత్రం తడవాలి. పెట్టెలో ఆవిరి పోయేది తక్కువ కాబట్టి రోజూ నీళ్ళు చల్లే అలవాటు ఇక్కడ పనికిరాదు.

కరెంటు కోతకు టెన్షన్ పడకండి. పది లీటర్ల నీళ్ళున్న పెట్టెలో చలి రాత్రి రెండు గంటలు కరెంటు పోయినా లోపల రెండు మూడు డిగ్రీలకు మించి పడదు, తలుపు తెరవకుండా ఉంటే చాలు. తుపాను వస్తే వేరు. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తర్వాత మన జిల్లాల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు పొయ్యి మీద నీళ్ళు కాచి సీసాల్లో పోసి, గుడ్డ చుట్టి అడుగున పెడుతూ ఉండాలి. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగినంత వేడి చాలు.

ఇక మే నెల టమాటా. నలభై దగ్గరి ఎండలో నల్లటి ప్రోట్రే లోపల ఇంకా వేడెక్కుతుంది, 35 దాటితే టమాటా గింజ మొరాయిస్తుంది. కంప్రెసర్ లేదు కాబట్టి చల్లదనం ఐసు సీసాలతో తేవాలి. లెక్క మళ్ళీ అదే. ఇంట్లో నీడలో బయట 36, లోపల 26 కావాలంటే లోపలికి వచ్చే వేడి 15 వాట్లు, ఫ్యాన్‌తో కలిపి 17, 18. రెండు లీటర్ల నీళ్ళు గడ్డకట్టించి పెడితే అవి కరిగి వెచ్చబడేలోపు సుమారు పన్నెండు గంటలు ఆ వేడిని మింగుతాయి. అంటే ఇంట్లో పనిచేసే ఫ్రిజ్ ఇంకొకటి ఉంటే, లీటరు సీసాలు రెండు పొద్దున, రెండు రాత్రి మార్చుకుంటే చాలు. సీసాలను పైన పాత ఫ్రీజర్ గదిలో పెట్టండి, చల్లగాలి దానంతట అదే కిందకు దిగుతుంది. సీసాల ఒంటికి పట్టిన నీరు ట్రేల మీద కారకుండా కింద ఒక ప్లాస్టిక్ షీటును వెనక్కి వాలుగా కట్టండి. అతి చల్లబడకుండా ఉండాలంటే ఫ్యాన్‌ను ఎస్‌టీసీ కూలింగ్ రిలేకు కలిపి, ఎఫ్1 26 పెట్టి, హీటరు ప్లగ్గు తీసేయండి. వేడి పెరిగినప్పుడే ఫ్యాన్ తిరిగి ఐసు చల్లదనాన్ని కిందకు తెస్తుంది. పెల్టియర్ పలకలు (కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడేవి) పెడితే ఎలా ఉంటుందని కొందరు అడుగుతారు. అవి తినే కరెంటుకు, ఇచ్చే చల్లదనానికి పొంతన ఉండదు, వాటి జోలికి వెళ్ళొద్దు.

కొత్త కంప్రెసర్ వేయించొచ్చా అనే ఆలోచన కూడా రావచ్చు. అంత డబ్బు పెట్టి చల్లబరిచే ఫ్రిజ్ చేయిస్తే, నేనైతే దాన్ని మొలకకు కాక విత్తనం దాచడానికి వాడతాను. గింజలో తేమ ఒక శాతం తగ్గినా, దాచిన చోటు వేడి అయిదు డిగ్రీలు తగ్గినా దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని హారింగ్టన్ చెప్పిన సూత్రం విత్తన రంగంలో అందరికీ తెలుసు. బాగా ఎండబెట్టి గాలి చొరని డబ్బాలో పెట్టిన మిగులు గింజ చల్లటి ఫ్రిజ్‌లో మరుసటి ఏడాదికి కూడా పనికొస్తుంది. మొలక పెట్టెలో మాత్రం మిగిలిన పాకెట్లు దాచొద్దు. ఆ వేడి, ఆ తేమ గింజను నెలల్లోనే ముసలిదాన్ని చేస్తాయి.

మీరు అడగలేదు గానీ ఈ పెట్టెతో ఇంకో పెద్ద ఉపయోగం ఉంది. విత్తనం పొలంలో వేసేముందు ఇంట్లోనే మొలక శాతం చూసుకోవచ్చు. మన దగ్గర వరి కోసిన మడిలో చల్లే మినుము, పెసర, ఇంట్లో దాచిన వేరుశనగ, చోళ్ళు (రాగులు), వీటిని చాలామంది నమ్మకం మీదే వేస్తారు. బస్తాలో పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి తీసి కలిపిన గింజల్లో ఏరకుండా నూరు చొప్పున నాలుగు లెక్కపెట్టండి. తడిపి పిండిన నూలుగుడ్డలో వరుసగా పేర్చి చుట్టగా చుట్టి, పెట్టెలో 25 డిగ్రీల దగ్గర నిలబెట్టండి. వేరుశనగ అయితే గుడ్డ కంటే కడిగి వేయించిన ఇసుకలో వేస్తే బూజు తక్కువ. మినుము, పెసర వారం రోజులు, వేరుశనగ పది రోజులు, వరి రెండు వారాలు చూడాలి. వేరు, మొలక రెండూ నిండుగా ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోండి. వేరు మొండిగా ఆగిపోయినవి, మొలక మెలిపడినవి పొలంలో బతకవు. నాలుగు నూర్ల సగటు తీయండి. ధ్రువీకరించిన విత్తనానికి కనీసం ఉండాల్సిన మొలక వరికి 80 శాతం, మినుము, పెసర, చోళ్ళకు 75, వేరుశనగ, టమాటా, వంగకు 70, బెండకు 65, మిరపకు 60. మీ గింజ దీనికంటే బాగా కిందకు వస్తే వేయకండి. కొంచెమే తక్కువైతే ఆ మేరకు విత్తన మోతాదు పెంచుకోండి. కొన్న పాకెట్ విషయంలో అనుమానం వస్తే ఈ ఇంటి పరీక్షతో గొడవకు వెళ్ళొద్దు. రసీదు, పాకెట్ దాచి, మిగిలిన గింజతో వ్యవసాయాధికారి దగ్గరకు వెళ్ళండి. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో, నైర వ్యవసాయ కళాశాలలో ఈ విషయాలు ఓపిగ్గా చెప్పేవాళ్ళున్నారు.

ఉద్దానం వైపు వాళ్ళు జీడిపిక్కలు ఇందులో పెట్టొచ్చా అని అడుగుతుంటారు. అవసరం లేదు. పిక్కలను నీళ్ళలో వేసి, మునిగినవి తీసుకుని, ఒక రోజు నానబెట్టి నేరుగా సంచుల్లో నాటుకోవడమే మేలు. అంత పెద్ద పిక్కకు ఈ చిన్న పెట్టెలో చోటు దండగ.

చివరిగా వరి మండె. తక్కువ విత్తనంతో వరి వేసే శ్రీ పద్ధతికి ఎకరాకు కావాల్సిన రెండు కిలోలైతే హాయిగా కట్టొచ్చు. ఒక రోజు నానబెట్టి, నీరు వడిచి, తడి గోనెగుడ్డలో పలచగా పరిచి 30 డిగ్రీల దగ్గర పెడితే ఒకటిన్నర రోజులో తెల్లటి ముక్కు కనబడుతుంది. బస్తా విత్తనం మాత్రం ఇందులో వద్దు. మొలిచే వడ్లు వాటంతట అవే వేడి పుట్టిస్తాయి, ఈ నురుగు గోడల మధ్య ఆ వేడి బయటికి పోక లోపలి గింజ ఉడుకుతుంది. దానికి మన పెద్దలు గోనె సంచి, ఎండుగడ్డితో కట్టే మండెయే సరైనది. కోసిన వెంటనే వేసే వడ్లు మొలవకపోతే అది పెట్టె లోపం కాదు, నిద్రావస్థ, అంటే కొత్త గింజ కొన్నాళ్ళు మొలవకుండా ఉండటం. ఎంటీయూ 1001 లాంటి వరి రకాల్లో ఇది ఉంటుంది. లీటరు నీటికి 6.3 మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్), నిద్ర గట్టిగా ఉన్న రకమైతే 10 మిల్లీలీటర్లు కలిపిన నీళ్ళలో 24 గంటలు నానబెట్టి, మంచి నీళ్ళతో కడిగి మండె కట్టాలి. ప్లాస్టిక్ బకెట్ వాడండి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి, ఆమ్లాన్నే నీళ్ళలో పోయాలి తప్ప నీళ్ళను ఆమ్లంలో పోయకూడదు. ఆ పని పెరట్లో, పిల్లలు లేనప్పుడు చేయండి.